ఎడిట్ బల్ల దాకా వెళ్లని మాట: సినిమాల్లో బ్రాండ్ ఒప్పందాలు, విదేశీ భాగస్వాములతో పేచీలు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ప్రొడక్షన్ మేనేజర్లున్నారు, యాడ్ ఏజెన్సీల వాళ్లున్నారు, లా చదువుతున్న పిల్లలూ చాలామంది కనిపిస్తున్నారు. ఎడిటింగ్ సంగతులు వచ్చినప్పుడు లా వాళ్లు, సెక్షన్లు వచ్చినప్పుడు సినిమావాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఈరోజు మాట్లాడుకునే పేచీలన్నీ ఆ రెండింటి సందులోనే పుడతాయి.

ఒక కంపెనీ డబ్బిస్తుంది. తన వస్తువునో, హోటల్నో, ఊరినో సినిమాలో చూపించమంటుంది. నిర్మాత తరఫున ఒకరు సరేనంటారు. సినిమా వచ్చాక చూస్తే ఒప్పుకున్నది తెరమీద ఉండదు, లేదా రెప్పపాటులో వెళ్లిపోతుంది. ఇద్దరిదీ ఒకే ఊరైతే ఫిల్మ్ ఛాంబర్‌లోనో, పెద్దమనుషుల ముందో కూర్చుని తేల్చుకుంటారు. ఒకరిది లాస్ ఏంజెలెస్, ఇంకొకరిది చైనాలోని చోంగ్‌చింగ్ అయితే? భాష వేరు, చట్టం వేరు, కరెన్సీ వేరు. మధ్యలో ముగ్గురు నలుగురు దళారులు. అప్పుడు అది కోర్టుకెక్కుతుంది.

ఇలాంటి గొడవల్లో అందరూ చదవాల్సిన కేసు 2014లో వచ్చిన 'ట్రాన్స్‌ఫార్మర్స్: ఏజ్ ఆఫ్ ఎక్స్‌టింక్షన్'ది. నిర్మాణం పారామౌంట్. అదే ఏడాది జూన్ 27న అమెరికాలో, చైనాలో ఒకేరోజు విడుదలైంది. ఆ సినిమాకి చైనా అంత ముఖ్యం ఎందుకైందో ముందు తెలియాలి. వసూళ్లలో వాటా మీద ఏడాదికి ఎన్ని విదేశీ సినిమాలను రానివ్వాలన్నదానికి చైనాలో కోటా ఉంది. 2012లో అమెరికాతో కుదిరిన ఒప్పందంతో ఆ కోటా 20 నుంచి 34కి పెరిగింది, స్టూడియో వాటా 25 శాతానికి చేరింది. మార్కెట్ చూస్తే ఏటేటా ఉబ్బుతోంది, చేతికొచ్చేది మాత్రం పావు వంతు. మిగతా లోటును బ్రాండ్ల డబ్బుతో, స్థానిక ప్రచారంతో పూడ్చుకోవాలని స్టూడియోలు చూశాయి. పారామౌంట్ 2013లో చైనా మూవీ ఛానల్‌తోనూ, జియాఫ్లిక్స్ అనే సంస్థతోనూ చేతులు కలిపింది. ఆ ఛానల్ వెబ్‌సైటు నడిపే 1905 కంపెనీ చైనాలో భాగస్వామిగా నిలబడింది. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, డబ్బూ మాటా ప్రయాణించిన దారి ఇదే.

ఆ సినిమాలో చైనా బ్రాండ్లు లెక్కకు మిక్కిలి. టెక్సాస్‌లో ఉండే హీరో చైనా కన్‌స్ట్రక్షన్ బ్యాంకు కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తాడు. వూహాన్ వాళ్ల బాతు మాంసం చిరుతిండి ఫ్రిజ్‌లో కనిపిస్తుంది. పాలు, మంచినీళ్లు, కంప్యూటర్లు, అన్నీ ఉన్నాయి. అంతమందికి మాటిస్తే ఎక్కడో ఒకచోట తప్పుతుంది. రెండుచోట్ల తప్పింది.

మొదటిది బీజింగ్‌లోని పాంగూ ప్లాజా. ఒలింపిక్ స్టేడియం దగ్గర డ్రాగన్ ఆకారంలో కట్టిన పెద్ద హోటల్ సముదాయం. సుమారు కోటి యువాన్లకు స్పాన్సర్‌షిప్ ఒప్పందం చేసుకున్నామని దాని యాజమాన్యం చెప్పింది. తమ భవనం సినిమాలో ఒప్పుకున్నంతసేపు కనిపించలేదు, ప్రచారంలో ఇస్తామన్న చోటు ఇవ్వలేదు అన్నది ఫిర్యాదు. విడుదలకు వారం ముందు బహిరంగ ప్రకటన చేసి ఒప్పందం రద్దన్నారు. తమ భవనమున్న దృశ్యాలు తీసేసేదాకా చైనాలో సినిమా ఆపాలన్నారు. ఆ ప్రకటన వచ్చిన తేదీని చూడండి. థియేటర్లు బుక్ అయిపోయాయి, ప్రింట్లు సిద్ధం, తారలు బీజింగ్‌కు వచ్చేస్తున్నారు. ఆ సమయంలో ఏ స్టూడియో అయినా రాజీకే వస్తుంది. విడుదలకు ముందే రాజీ కుదిరింది, సినిమా అనుకున్న రోజే వచ్చింది.

రెండోది నా దృష్టిలో ఇంకా ముఖ్యమైంది. చోంగ్‌చింగ్ దగ్గర వులోంగ్ అనే ప్రాంతముంది. సున్నపురాయి కరిగి ఏర్పడిన లోయలు, వాటిమీద మూడు సహజసిద్ధ వంతెనలు. ఇలాంటి సున్నపురాయి నేలల సముదాయమైన దక్షిణ చైనా కార్స్ట్‌లో భాగంగా 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ ప్రాంతాన్ని నడిపే పర్యాటక సంస్థ సినిమాకు డబ్బు కట్టింది, 'చైనా వులోంగ్' అన్న పేరు తెరమీద కనిపించాలన్న షరతుతో. యూనిట్ అక్కడికి వెళ్లింది, షూట్ చేసింది. లోయ అద్భుతంగా వచ్చింది, పేరు మాత్రం రాలేదు. పైగా కథలో ఆ లోయ హాంకాంగ్ దృశ్యాలతో కలిసిపోయింది. ప్రేక్షకుడు అది హాంకాంగ్ పొలిమేరల్లో ఎక్కడో ఉందనుకుంటాడు. నిజానికి మధ్యలో సుమారు వెయ్యి కిలోమీటర్లున్నాయి.

వులోంగ్ వాళ్ల నష్టం ఎలాంటిదో చూడండి. శీతల పానీయం సీసా ఎవరి చేతిలో ఉన్నా, ఏ ఊళ్లో ఉన్నా సీసాయే, జనం గుర్తుపడతారు. ఊరికి పేరే ఆస్తి. పేరు లేకుండా కొండను చూపిస్తే అది వట్టి బ్యాక్‌గ్రౌండ్. అందుకే వాళ్లు పారామౌంట్ మీదా 1905 మీదా కేసు వేశారు. డబ్బు సమయానికి అందలేదన్న వాదన అవతలి వైపు నుంచి వచ్చింది. చివరకు చోంగ్‌చింగ్ కోర్టు పర్యాటక సంస్థ పక్షాన తీర్పునిచ్చింది, పరిహారం కట్టమంది. హాలీవుడ్ స్టూడియో ఒక చైనా స్థానిక కోర్టులో, స్థానిక సంస్థ చేతిలో ఓడింది. కేసు ఎక్కడ నడుస్తుందన్న ప్రశ్న ఎంత బరువైందో దీన్నిబట్టి తెలుస్తుంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇది ఒక్క చైనా జబ్బు అనుకోకండి. 1996 చివర్లో 'జెర్రీ మగ్వైర్' వచ్చినప్పుడు షూ కంపెనీ రీబాక్, ఆ సినిమా స్టూడియో ట్రైస్టార్ మీద దావా వేసింది. సినిమాలోని ఫుట్‌బాల్ ఆటగాడికి రీబాక్ అంటే పడదు. కథ చివర కంపెనీ తన తప్పు తెలుసుకుని అతనితో ప్రకటన తీస్తుంది, ఆ ప్రకటన తెరమీద వస్తుంది. ఒప్పందం అదీ. దర్శకుడు చివరి ఎడిట్‌లో ఆ ప్రకటనను కోసేశాడు. రీబాక్‌ను తిట్టే మాట మాత్రం సినిమాలో ఉండిపోయింది. కంపెనీ కోటి డాలర్లు అడిగింది, కోర్టు బయట రాజీ అయింది. తర్వాత టీవీలో వేసినప్పుడు ఆ ప్రకటన ఉన్న వెర్షన్ చూపించారు. దర్శకుడిది తప్పనడానికి లేదు, కథకు అడ్డమొచ్చిందని తీశాడు. స్టూడియో మార్కెటింగ్ వాళ్లు ఇచ్చిన మాట అతని ఎడిట్ బల్ల దాకా వెళ్లి అతన్ని కట్టిపడేయలేదు. వులోంగ్‌లోనూ, జెర్రీ మగ్వైర్‌లోనూ నాకు కనిపించే లోపం ఒకటే. మాటిచ్చినవాడికీ కత్తెర పట్టినవాడికీ మధ్య కాగితం లేదు.

ఇప్పుడు ఎడిట్ బల్ల దగ్గరికే వెళ్దాం. ఒక మంచినీళ్ల సీసా షాట్ తీసుకుందాం. స్క్రిప్టులో 'హీరో సీసా మూత తీసి నీళ్లు తాగుతాడు' అని ఉంటుంది. బ్రాండ్‌కు చెప్పింది 3 సెకన్లు, అంటే సెకనుకు 24 చొప్పున 72 ఫ్రేములు. సెట్‌లో షాట్ 9 సెకన్లు తీశారు, అందరూ సంతోషం. ఇక ఏం జరుగుతుందో చూడండి. నటుడు సీసాను నడుముకు పట్టుకుంటాడు, అరచేయి లేబుల్‌ను కప్పేస్తుంది. చల్లగా కనిపించాలని ఆర్ట్ వాళ్లు సీసామీద నీళ్లు చల్లుతారు, చుక్కల వెనక అక్షరాలు చెదిరిపోతాయి. ప్లాస్టిక్ లేబుల్ మీద లైటు పడి తెల్లగా మెరిసిపోతుంది. కెమెరామన్ ఫోకస్ ముఖం మీద పెడతాడు, సీసా మసక. ఎడిటర్ ఆ 9 సెకన్లలో నటుడి కళ్లలో భావం ఉన్న సెకన్నర తీసుకుంటాడు, ఆ సెకన్నరలో సీసా సగం ఫ్రేము బయట ఉంటుంది. ఇంకొకటి, అవతలి షాట్‌తో చూపు కలవడం లేదని కొన్నిసార్లు షాట్‌ను కుడిఎడమలు తిప్పేస్తారు. మొహం బాగానే ఉంటుంది, లేబుల్ మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడతాయి. ఇందులో ఎవరిదీ దురుద్దేశం కాదు, అందరూ తమ పని తాము చేశారు. కానీ 3 సెకన్లకు డబ్బు కట్టిన విదేశీ కంపెనీకి మిగిలింది ఏమిటి?

అందుకని ఒప్పందంలో 'ప్రముఖంగా చూపించబడును' అని రాస్తే ఆ కాగితానికి విలువ లేదు. ప్రముఖంగా అంటే ఎవరి లెక్కలో? కొలవగలిగేలా రాయండి. లోగో పూర్తిగా, ఫోకస్‌లో, చదవడానికి వీలుగా కనీసం ఇన్ని ఫ్రేములు వరసగా ఉండాలి. తెర వెడల్పులో లోగో కనీసం ఇంత శాతం ఉండాలి. చేయి అడ్డం రాకూడదు, షాట్ తిప్పకూడదు. ముక్కలు ముక్కలుగా కలిపి 3 సెకన్లంటే కుదరదు, వరసగా అన్న మాట తప్పనిసరి. పేరు నోటితో పలకాలంటే ఎవరు పలుకుతారో, డబ్బింగ్ వెర్షన్లలో కూడా పలుకుతారో లేదో రాయండి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. తెలుగులో పలికిన బ్రాండ్ పేరు హిందీ డబ్బింగ్‌లో పెదవుల కదలికకు సరిపోలేదని మార్చేస్తారు.

ఊరైతే ఇంకో షరతు అదనం. కథలో ఆ ఊరిని ఆ ఊరి పేరుతోనే చూపిస్తారా, వేరే ఊరిగా చూపిస్తారా? వేరే ఊరిగా చూపిస్తే పేరు తెరమీద ఎక్కడ, ఎప్పుడు వస్తుంది? వులోంగ్ సంస్థ దీన్ని కథ దశలోనే అడిగి రాయించుకుని ఉంటే గొడవ షూటింగ్‌కు ముందే తేలిపోయేది.

ఆమోదాలు ఎన్ని దశల్లో ఉండాలి? నా లెక్కన నాలుగు. స్క్రిప్టులో ఆ సీన్ పేజీ ఒకటి. సెట్‌లో మానిటర్ నుంచి తీసిన స్టిల్, అదేరోజు పంపాలి, వాళ్లు 24 గంటల్లో అవుననో కాదనో చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. మూడోది రఫ్ కట్‌లో, అంటే తొలి ఎడిట్‌లో, ఆ భాగం మాత్రమే, వాటర్‌మార్క్‌తో. నాలుగోది పిక్చర్ లాక్, అంటే ఇక బొమ్మలో కోతలు మార్పులు ఉండవని ఖాయం చేసే దశ. ఆరోజు ఎడిటర్ అసిస్టెంట్ ఒక పట్టిక తయారుచేయాలి. ఏ రీలు, టైమ్‌కోడ్ (సినిమాలో ఆ ఫ్రేము వచ్చే సమయపు అంకె) ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, ఎన్ని ఫ్రేములు, ఒక స్టిల్. ఈ పట్టిక మీద ఇద్దరి సంతకాలు ఉంటే తర్వాత కోర్టులో వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఎడిటర్ అసిస్టెంట్‌కు గంట పని ఇది. ఆ గంట పెట్టకపోవడం వల్ల ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అయితే బ్రాండ్‌కు ఫైనల్ కట్ మీద హక్కు ఇవ్వాలా? ఇవ్వకూడదు. ఏ దర్శకుడూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. సినిమా కథకుడి చేతిలోనే ఉండాలి. దానికి మార్గం వేరే ఉంది. దర్శకుడు ఆ షాట్ తీసేయొచ్చు, తీసేస్తే పరిహారం ఇంత అని ముందే రాసుకోవడం. ఉదాహరణకు ఫీజు 60 లక్షలు అనుకోండి. అందులో సినిమాలో కనిపించడానికి 36, ట్రైలర్‌లో కనిపించడానికి 12, పోస్టర్లకు, ఈవెంట్లకు 12 అని విడగొట్టండి. సినిమాలో 72 ఫ్రేములకు బదులు 36 వచ్చాయి, 36 లక్షల్లో సగం వెనక్కి. అసలు రాకపోతే మొత్తం వెనక్కి, లేదా ఓటీటీ వెర్షన్‌లో సీజీతో, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో పెట్టడం, ఏది కావాలో బ్రాండ్ ఇష్టం. మన కాంట్రాక్ట్ చట్టం 1872లో 74వ సెక్షన్ ప్రకారం ముందే రాసుకున్న మొత్తానికి మించకుండా కోర్టు సమంజసమైన పరిహారం ఇప్పిస్తుంది. భయపెట్టడానికి పది రెట్లు జరిమానా రాసుకుంటే అది నిలబడదు. నష్టానికి దగ్గరగా ఉండే అంకె రాసుకుంటే ఆ అంకెకు కోర్టులో విలువ ఉంటుంది.

డబ్బు ఎప్పుడివ్వాలన్నది దీనికి ముడిపడి ఉంది. మామూలుగా సంతకం రోజు సగం, విడుదల రోజు సగం అని రాస్తారు. ఇది ఇద్దరికీ ప్రమాదమే. విడుదలయ్యాక నిర్మాతకు రెండో సగం వసూలు చేసుకోవడం కష్టం. విడుదల రోజుదాకా బ్రాండ్‌కు తెరమీద ఏముందో తెలియదు. నేనైతే సంతకానికి 30, షూటింగ్ స్టిల్స్ ఆమోదానికి 30, లాక్ పట్టిక మీద సంతకానికి 40 అంటాను. చివరి 40 ముందే ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా మూడో మనిషి దగ్గర ఉండే ఖాతాలో, పడి ఉండాలి.

విదేశీ చెల్లింపులో ఆలస్యం చాలాసార్లు మోసం వల్ల రాదు, కాగితాల వల్ల వస్తుంది. చైనా నుంచి సేవల కింద 50 వేల డాలర్లు దాటి బయటికి పంపాలంటే ముందు పన్నుశాఖ దగ్గర నమోదు కావాలి. మన దగ్గర నుంచి పంపాలంటే టీడీఎస్, అంటే చెల్లింపులోంచే ముందుగా పట్టుకునే పన్ను, తేలాలి, ఛార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం కావాలి, అవతలివాళ్ల పన్ను నివాస పత్రం కావాలి. ఆ నివాస పత్రం లేకపోతే రెండు దేశాల పన్ను ఒప్పందంలోని తగ్గింపు రేటు వర్తించదు. లక్ష డాలర్లు పంపాల్సినవాడు పన్ను పట్టుకుని 90 వేలు పంపుతాడు, బ్యాంకు ఛార్జీలు కొంత తింటాయి. అవతల అకౌంట్స్ వాళ్లు 'తక్కువ వచ్చింది, ఒప్పందం ఉల్లంఘించారు' అని రాసుకుంటారు. ఎడిటర్‌కు 'ఆ బ్రాండ్ డబ్బు కట్టలేదు, ఉంచినా తీసినా ఒకటే' అన్న కబురు వెళ్తుంది. షాట్ పోతుంది. కాబట్టి పన్ను ఎవరి నెత్తిన, బ్యాంకు ఛార్జీలు ఎవరివి, చేతికి అందాల్సింది ఎంత, ఆలస్యమైతే ఎన్ని రోజుల గడువు, ఇవన్నీ అంకెలతో ఉండాలి. ఆలస్యమైతే రాతపూర్వకంగా నోటీసిచ్చి పది రోజులు ఆగకుండా షాట్ తీయకూడదన్న వాక్యం కూడా ఉండాలి.

దళారుల సంగతి. ఏజెన్సీ, సబ్ ఏజెన్సీ, లైన్ ప్రొడ్యూసర్, స్థానిక డిస్ట్రిబ్యూటర్. వీళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు, వీళ్లు లేకపోతే రెండు దేశాల వాళ్లు కలిసే ప్రసక్తే లేదు. కానీ ఒక్కొక్క చేతిలో మాట కొంచెం పెరుగుతుంది, డబ్బు కొంచెం తగ్గుతుంది. 'ప్రయత్నిస్తాం' అని స్టూడియో అంటే, 'చూపిస్తారు' అని ఏజెన్సీ అంటుంది, 'పది సెకన్లు చూపిస్తారు' అని సబ్ ఏజెన్సీ అంటుంది. దీనికి మందు, నిర్మాణ సంస్థ సంతకం చేసిన అధికార పత్రం. ఈ ఏజెంటు మా తరఫున ఏయే హామీలు ఇవ్వగలడు, ఎంత వసూలు చేయగలడు, ఏ తేదీదాకా, అన్నవి అందులో ఉండాలి. ఏజెంటుతో చేసుకున్న ఒప్పందం చివర నిర్మాణ సంస్థ 'మేమూ కట్టుబడి ఉన్నాం' అని సంతకం పెట్టాలి. ఆ సంతకానికి ఒప్పుకోకపోతే డబ్బు కట్టకండి. రెండు భాషల్లో ఒప్పందం ఉంటే తేడా వచ్చినప్పుడు ఏ భాష ప్రతి చెల్లుతుందో రాయండి.

ఇక వెర్షన్లు. ఒకే సినిమా అనుకుంటాం కానీ బయటికి వెళ్లేవి చాలా. సెన్సార్ అయినది, విదేశాలకు వెళ్లేది, విమానాల్లో వేసేది, ఓటీటీ, శాటిలైట్. థియేటర్‌లో స్కోప్, అంటే వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు. టీవీ తెర 1.78 రెట్లు. టీవీ నిండా కనిపించాలని స్కోప్ బొమ్మను కత్తిరిస్తే వెడల్పులో దాదాపు 25 శాతం పోతుంది. అంచున పెట్టిన లోగో మొత్తం పోతుంది. ఫ్రేము అడుగున లోగో పెడితే విదేశీ ప్రింట్లలో సబ్‌టైటిల్ దానిమీద కూర్చుంటుంది. తెలుగు సినిమా అమెరికాలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ఆడుతుంది కదా, అక్కడి తెలుగువాళ్ల కోసమే డబ్బు కట్టిన అక్కడి వ్యాపారి పేరు ఆ అక్షరాల వెనకే నలిగిపోతుంది. లోగో ఫ్రేము మధ్య భాగంలో, అడుగు నుంచి కనీసం ఐదో వంతు ఎత్తులో ఉండాలని ఆర్ట్ డైరెక్టర్‌కు, కెమెరామన్‌కు ముందే కాగితమ్మీద ఇవ్వండి.

మన తెలుగు సినిమాకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. విడుదలయ్యాక, మొదటిరోజు టాక్ చూసి, పది పదిహేను నిమిషాలు ట్రిమ్ చేసే అలవాటు. ట్రిమ్‌లో ముందు పోయేది ఏది? పాట. విదేశంలో తీసిన పాట. ఆ దేశపు పర్యాటక శాఖ సాయం చేసింది ఆ పాట కోసమే. జార్జియానే తీసుకోండి, మన యూనిట్లు బాగా వెళ్లే దేశం. అక్కడ అర్హమైన ఖర్చులో 20 శాతం నగదుగా వెనక్కిస్తారు. దేశాన్ని పర్యాటక ప్రాంతంగా చూపించే అంశాలుంటే ఇంకో 2 నుంచి 5 శాతం అదనం. అంటే ఆ అదనపు భాగం నేరుగా తెరమీద కనిపించేదానికి ముడిపడిన డబ్బు. పాట పోతే ఆ మాట కూడా ప్రశ్నలో పడుతుంది. కాబట్టి విదేశీ భాగస్వామి ఉన్న షాట్ల జాబితా ఎడిటర్ గోడమీద అతికించి ఉండాలి, ట్రిమ్ చేసేటప్పుడు మొదట దాన్ని చూడాలి. విడుదల తర్వాతి కత్తిరింపులకు కూడా ఒప్పందం వర్తిస్తుందో లేదో ముందే రాసుకోవాలి. టైటిల్స్‌కు ముందు వేసే కృతజ్ఞతల కార్డులకూ ఇదే మాట.

డబ్బు తీసుకోకుండా వచ్చే పేచీలు క్లుప్తంగా చెప్తాను. 2008లో వచ్చిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్'లో మురికివాడ దృశ్యాల్లో తమ గుర్తు కనిపించడానికి మెర్సిడెస్ ఒప్పుకోలేదు, షూటింగ్ అయ్యాక ఆ గుర్తులను చెరిపేయాల్సొచ్చింది. 2012లో 'ఫ్లైట్' సినిమాలో తాగుబోతు పైలట్ చేతిలో బడ్‌వైజర్ కనిపించిందని తయారీదారు పారామౌంట్‌ను తొలగించమని అడిగింది. 'హ్యాంగోవర్ 2'లో నకిలీ బ్యాగును తమదన్నట్టు చూపించారని ఫ్రాన్స్‌కు చెందిన లూయీ వ్యూటాన్ వార్నర్ బ్రదర్స్ మీద న్యూయార్క్‌లో కేసు వేసింది, 2012లో కోర్టు కొట్టేసింది. కళాఖండంలో భాగంగా వాడుకోవడానికి అమెరికా చట్టం ఇచ్చే వెసులుబాటు అది. అదే సినిమా వేరే దేశానికి వెళ్తే అదే వెసులుబాటు దొరుకుతుందని అనుకోకండి. మన దగ్గర పొగాకు సంగతి మరీ కఠినం. సిగరెట్ బ్రాండ్ పేరు తెరమీద కనిపించకూడదు, డబ్బు తీసుకుని చూపించడం నిషేధం, పొగతాగే సీన్ ఉంటే మొదట్లోనూ మధ్యలోనూ కనీసం 30 సెకన్ల చొప్పున ఆరోగ్య హెచ్చరికలు వేయాలి. విదేశంలో వీధి షాట్ తీసినప్పుడు వెనక సిగరెట్ హోర్డింగ్ పడితే దాన్ని మసకచేసే ఖర్చు ముందే బడ్జెట్‌లో ఉండాలి.

చివరగా ముఖ్యమైంది, గొడవ ఎక్కడ తేలుతుంది? అమెరికా కోర్టులో గెలిచి ఆ తీర్పు పట్టుకుని హైదరాబాద్ వస్తే నేరుగా అమలు చేయించలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద పరస్పర గుర్తింపు ఉన్న దేశాల్లో బ్రిటన్, సింగపూర్, యూఏఈ ఉన్నాయి, అమెరికా లేదు. ఆ తీర్పు ఆధారంగా ఇక్కడ కొత్త దావా వేయాలి. ఆర్బిట్రేషన్ అవార్డు, అంటే కోర్టు బయట ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి ఇచ్చే తీర్పు అయితే, అలాంటి తీర్పులను దేశాలు పరస్పరం అమలు చేసే న్యూయార్క్ ఒడంబడిక కింద అమలు చేయించుకోవచ్చు. అమెరికా, చైనా, భారత్ మూడూ అందులో ఉన్నాయి. అందుకని విదేశీ బ్రాండ్ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు పెట్టండి. ఎక్కడ, ఏ సంస్థ నియమాలతో, ఏ భాషలో, ఎంతమంది ఆర్బిట్రేటర్లు, నాలుగూ రాయండి. చిన్న మొత్తాలకు ఒకే ఆర్బిట్రేటర్ చాలు, ముగ్గురి ఫీజు పేచీ మొత్తాన్నే మింగేస్తుంది. దాంతోపాటు ఇంకో వాక్యం: బ్రాండ్ విడుదలను ఆపమని అడగదు, డబ్బు మాత్రమే అడుగుతుంది. పాంగూ ప్లాజా పట్టు అంతా ఆ ఒక్క వారంలో ఉంది. నిర్మాత పక్షాన ఉన్నవాళ్లు ఈ వాక్యం లేకుండా సంతకం పెట్టకూడదు. బ్రాండ్ పక్షాన ఉన్నవాళ్లు దానికి బదులుగా ఎస్క్రో అడగాలి.

ఇప్పుడు ప్రశ్నలు.

ప్రశ్న: షాట్‌లో లోగో లేకపోయినా తర్వాత సీజీలో పెట్టేయొచ్చు కదా సార్, ఇప్పుడు అది తేలికే కదా?

పెట్టొచ్చు. ఖాళీ గోడమీద బోర్డు, కదలని కెమెరా అయితే నిజంగానే తేలిక. చేతిలో తిరిగే సీసా, ముందు జనం నడుస్తున్న షాట్ అయితే ఫ్రేము ఫ్రేముకూ పని. షూటింగ్ రోజునే ఆ షాట్ ఖాళీ ప్లేటు, అంటే నటులు లేకుండా అదే ఫ్రేము, ఒకటి తీసిపెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. నటుడి ఒప్పందం కూడా చూసుకోండి. అతను ఇంకో పానీయానికి బ్రాండ్ అంబాసిడర్ అయితే అతని చేతిలో తర్వాత పెట్టిన సీసా కొత్త కేసు తెస్తుంది. ఒకదేశపు వెర్షన్‌లో ఒక బ్రాండ్, ఇంకోదేశంలో ఇంకొకటి పెట్టే పని కూడా చేస్తున్నారు. అప్పుడు మొదటి బ్రాండ్‌కు ఏయే దేశాలకు హక్కిచ్చామో పేరుపేరునా రాసి ఉండాలి. 'ప్రపంచమంతటా' అని రాసి ఉంటే రెండోవాడికి చోటు లేదు.

ప్రశ్న: మాది చిన్న సినిమా. డల్లాస్‌లో ఒక రెస్టారెంట్ ఆయన పది వేల డాలర్లు ఇస్తానంటున్నారు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేదు.

ఒక్క పేజీ చాలమ్మా. ఆయన పూర్తి పేరు, సంస్థ పేరు, మీ సంస్థ పేరు. ఏ సీన్‌లో, బోర్డు ఎన్ని ఫ్రేములు, కృతజ్ఞతల కార్డు అయితే ఎన్ని సెకన్లు. పది వేలలో ఎంత ఎప్పుడు, బ్యాంకు ఛార్జీలు ఎవరివి. షాట్ తీసేస్తే ఎంత వెనక్కి, ఎన్ని రోజుల్లో. ఏ వెర్షన్లకు వర్తిస్తుంది. విడుదల ఆపమని అడగరు. దానికింద మీ దర్శకుడితో, ఎడిటర్‌తో 'చదివాం' అని సంతకం పెట్టించండి. లాక్ అయిన రోజు ఆ షాట్ స్టిల్, టైమ్‌కోడ్‌తో కలిపి ఆయనకు ఈమెయిల్ చేయండి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపి ఊరుకోవద్దు. ఆయన 'సరే' అని జవాబిచ్చాకే డీసీపీ, అంటే థియేటర్లకు పంపే డిజిటల్ కాపీ, చేయించండి.